నాలుగో గేరు ఎప్పుడు పడుతుంది?



అమెరికాకి ఎమ్మెస్ చదువుకి వెళ్లిన తెలుగు కుర్రాడు మొదట కొనే కారు చాలాసార్లు ఏ పాత టయోటా కామ్రీయో, కరోలాయో అయి ఉంటుంది. సీనియర్ ఎవరో కొన్నాళ్లు వాడి, ఉద్యోగం వచ్చి ఊరు మారుతూ అమ్మేసిన బండి. క్లచ్ ఉండదు. హైదరాబాదులో గేర్లు మార్చి మార్చి అలవాటైన ఎడమ కాలు కొంతకాలం ఊరికే నేలని తొక్కుతుంటుంది. గేరు కర్ర మీద బొటనవేలికి అందేలా చిన్న బొత్తాం ఒకటి ఉంటుంది. అది ఎప్పుడో పొరపాటున నొక్కుకుపోతుంది. మీటర్ల మధ్య ‘ఓ/డి ఆఫ్’ అని దీపం వెలుగుతుంది. బండి ఆగదు, మొరాయించదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. హైవే ఎక్కాక ఇంజన్ గోల ఎక్కువైందని, పెట్రోలు త్వరగా అయిపోతోందని మాత్రం గొణుక్కుంటారు. ఆ బండి నాలుగో గేరును వదిలేసి మూడింటితోనే పరుగెడుతోందన్న సంగతి తెలియాలంటే, తెలిసినవాడెవడో పక్క సీట్లో కూర్చోవాలి.

ఓ.డి. అంటే ఓవర్‌డ్రైవ్. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే చక్రాల వైపు వెళ్లే షాఫ్టు కూడా సరిగ్గా ఒక చుట్టే తిరిగే గేరును డైరెక్ట్ గేరు అంటారు. పాతకాలపు మూడు గేర్ల ఆటోమేటిక్ బండ్లలో మూడోది అదే, ఆ పైన ఇంకేమీ ఉండేది కాదు. ఓవర్‌డ్రైవ్‌లో షాఫ్టు ఇంజన్ని మించి తిరుగుతుంది. జనరల్ మోటార్స్ 1982 మోడల్ బండ్లతో తెచ్చిన 700-ఆర్4 అనే గేరుబాక్సునే తీసుకుందాం. అందులో నాలుగో గేరు నిష్పత్తి 0.70. అంటే షాఫ్టు పది చుట్లు తిరగడానికి ఇంజన్ ఏడు చుట్లు తిరిగితే సరిపోతుంది. 28 అంగుళాల టైర్లు, వెనక యాక్సిల్‌లో 3.73 నిష్పత్తి ఉన్న పికప్ ట్రక్కు గంటకు 60 మైళ్లతో, అంటే సుమారు 97 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుంటే, మూడో గేరులో ఇంజన్ నిమిషానికి దాదాపు 2,700 చుట్లు తిరగాలి. నాలుగో గేరు పడగానే అది 1,900కి దిగుతుంది. గోల తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది.

అయితే ఆ లాభం ఊరికే రాదు. డైరెక్ట్ గేరుతో పోలిస్తే చక్రానికి అందే బలం ముప్పై శాతం తగ్గుతుంది. ఓవర్‌డ్రైవ్ పొదుపు కోసం పుట్టిన గేరు, బరువు లాగడానికి కాదు. పాత బండ్ల యజమానులు పడే తిప్పల్లో సగం ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవే.

అసలు ఈ గేరు కోసం ఆటోమేటిక్ బండ్లు ఎందుకంత కాలం ఆగాయన్నది ఆసక్తికరమైన కథ. ఓవర్‌డ్రైవ్ కొత్త ఊహేమీ కాదు. 1934లో క్రైస్లర్ తన ఎయిర్‌ఫ్లో కార్లలోనే దాన్ని పెట్టింది, కాకపోతే అవి క్లచ్ తొక్కే బండ్లు. బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకు లేకాక్ కంపెనీ తయారుచేసిన ఓవర్‌డ్రైవ్‌లు ఎన్నో ఏళ్లు అమర్చారు. ఆటోమేటిక్ దారి వేరు. 1939 అక్టోబరులో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లకు జనరల్ మోటార్స్ ‘హైడ్రామాటిక్’ పెట్టింది. పెద్ద సంఖ్యలో తయారై అమ్ముడైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు అదే. అదనంగా 57 డాలర్లు కడితే క్లచ్ పెడల్ బాధ తప్పేది. అందులో నాలుగు గేర్లున్నాయి, కానీ నాలుగోది డైరెక్టే. ఓవర్‌డ్రైవ్ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ గేరుబాక్సునే తేలికపాటి ట్యాంకుల్లోనూ వాడారు. యుద్ధం ముగిశాక ఒక దశలో రోల్స్‌రాయిస్ కూడా దాన్ని లైసెన్సు మీద తయారుచేసుకుంది.

ఆ తర్వాత గేర్లు పెరగలేదు సరికదా, తగ్గాయి. 1950లో షెవర్లే తెచ్చిన పవర్‌గ్లైడ్‌కి రెండే గేర్లు. బ్యూక్ వాళ్ల డైనాఫ్లో మరీ వింత. మామూలుగా డ్రైవ్‌లో పెట్టి నడిపితే అది అసలు గేరే మార్చదు. మొత్తం భారాన్ని, ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేరుబాక్సుకి అందించే టార్క్ కన్వర్టర్ మీద వేసి, బండిని నూనె బలంతోనే మెల్లగా పైకి లాగుతుంది. 1953 ఆగస్టు 12న మిషిగన్‌లోని లివోనియాలో హైడ్రామాటిక్ ఫ్యాక్టరీ కాలిపోయింది. చేతిలో గేరుబాక్సులు లేక, జనరల్ మోటార్స్ వాళ్లు ఆ ఏడాది చివర్లో తమ కాడిలాక్, ఓల్డ్స్‌మొబిల్ కార్లలో కొన్నింటికి ఈ డైనాఫ్లోనే బిగించి అమ్మారు, పాంటియాక్‌లలో కొన్నింటికి పవర్‌గ్లైడ్ దక్కింది. గేరు పడినప్పుడల్లా చిన్న కుదుపు తెలిసే కాడిలాక్‌కి అలవాటైన ధనిక కొనుగోలుదారుకి, గేరే మారని కాడిలాక్ ఇంటికొచ్చింది. అప్పుడు పెట్రోలు చవక, ఇంజన్లు పెద్దవి. ఎన్ని గేర్లున్నాయని అడిగేవాడు లేడు.

అడిగే రోజు 1973 అక్టోబరులో వచ్చింది. అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. 1974 జనవరి 2న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో దేశమంతటా హైవే వేగ పరిమితి గంటకు 55 మైళ్లు అయింది. 1975 చట్టం కార్ల కంపెనీలకు లెక్క కట్టింది: 1978 మోడల్ కార్లు సగటున గ్యాలనుకు 18 మైళ్లు ఇవ్వాలి, 1985 నాటికి 27.5 ఇవ్వాలి. ఇంజన్లను రాత్రికి రాత్రి మార్చలేరు. ఉన్న ఇంజన్ని నెమ్మదిగా తిప్పడం సులువైన దారి. టయోటా 1970ల చివర్లోనే ఓవర్‌డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్‌ని రోడ్డెక్కించింది. ఫోర్డ్ 1980లో ఏఓడీ అనే గేరుబాక్సును తెచ్చింది, జనరల్ మోటార్స్ 1981లో 200-4ఆర్‌ని, మరుసటేడు 700-ఆర్4ని తెచ్చింది. 1982 కార్వెట్‌ని క్లచ్‌తో కావాలన్నా అమ్మలేదు, స్పోర్ట్స్ కారు అయినా ఈ కొత్త ఆటోమేటిక్ ఒక్కటే దిక్కు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ గేరుబాక్సులో కంప్యూటర్ లేదు. మరి రెండో గేరు ఎప్పుడు, మూడోది ఎప్పుడు, నాలుగోది ఎప్పుడు అని తేల్చేదెవరు? నూనె.

గేరుబాక్సు వెనక షాఫ్టుకి ఆనుకుని గవర్నర్ అనే చిన్న పరికరం ఉంటుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తగిలించిన గవర్నర్‌కి ఇది వారసురాలు. షాఫ్టుతో పాటు తిరిగే చిన్న బరువులు, వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. అవి విచ్చుకున్నకొద్దీ ఒక వాల్వు గుండా నూనె ఒత్తిడి పెరుగుతుంది. అంటే ఆ ఒత్తిడి బండి వేగానికి కొలత. రెండో ఒత్తిడి డ్రైవరు కాలి నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అది అంత పెరుగుతుంది. దాన్ని గేరుబాక్సుకి చేరవేసే పద్ధతి బండిని బట్టి మారుతుంది. జనరల్ మోటార్స్ వాళ్ల పాత మూడు గేర్ల బాక్సుల్లో ఇంజన్ వ్యాక్యూమ్‌తో పనిచేసే మాడ్యులేటర్ అనే డబ్బీ, 700-ఆర్4లో కార్బురేటర్ నుంచి వచ్చే కేబుల్, ఫోర్డ్ ఏఓడీలో ఒక సన్నని ఇనుప కడ్డీ.

ఈ రెండు ఒత్తిళ్లూ షిఫ్ట్ వాల్వు అనే చిన్న లోహపు ముక్కకి చెరోవైపు నిలబడి తాడులాగుడు ఆడతాయి. ఒకవైపు వేగం, మరోవైపు కాలు, కాలికి సాయంగా ఒక స్ప్రింగు. వేగం గెలిచిన క్షణంలో వాల్వు టక్కున జరుగుతుంది, నూనె కొత్త దారిలో పోయి పై గేరు క్లచ్‌ని బిగిస్తుంది. గేరు పడింది.

అందుకే ‘ఈ బండి ఎంత వేగంలో గేరు మారుస్తుంది?’ అన్న ప్రశ్నకు ఒక్క అంకె జవాబు కాదు. మంచి స్థితిలో ఉన్న 700-ఆర్4 బండిని మెల్లగా తొక్కుతూ పోతే, రెండో గేరు గంటకు సుమారు 15 మైళ్ల లోపే పడుతుంది, మూడోది 25 దగ్గర, నాలుగోది 45 మైళ్లు, అంటే 70 కిలోమీటర్ల చుట్టుపక్కల. అదే బండిని కాలు నేలకి ఆనేలా తొక్కితే, మొదటి గేరే 35, 40 మైళ్ల దాకా సాగుతుంది, నాలుగో గేరు ఊసే ఉండదు. హైవే మీదికి ఎక్కుతూ కాలు కొంచెం ఎత్తగానే గేరు పడటం పాత బండి డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా. కాలి వైపు పట్టు సడలింది, వేగం గెలిచింది, అంతే.

ఇంజనీర్లు ఇక్కడ ఇంకో తెలివైన పని చేశారు. 45 మైళ్ల దగ్గర పడిన గేరు 44కి తగ్గగానే ఊడిపోతే బండి నడపడం నరకమవుతుంది. అందుకని వాల్వు ఒకసారి జరిగాక, దాని మీద కాలి తరఫున పనిచేసే ఒత్తిడికి దారి కొంత మూసుకుపోయేలా గాళ్లు చెక్కారు. దాంతో పై గేరు పడే వేగం కంటే కింది గేరు పడే వేగం చాలా తక్కువగా ఉంటుంది. ఆ రెంటి మధ్య ఖాళీ ఉన్నంతసేపు బండి స్థిమితంగా పోతుంది. కొండ ఎక్కుతున్నప్పుడు ఆ ఖాళీ చాలదు. నాలుగో గేరుకి బలం లేక వేగం పడిపోతుంది, డ్రైవరు గట్టిగా తొక్కుతాడు, మూడోది పడుతుంది. వేగం పుంజుకుంటుంది, కాలు ఎత్తుతాడు, మళ్లీ నాలుగోది. ఈ ఊగిసలాట సాగినంతసేపు లోపలి క్లచ్‌లు జారుతూ వేడెక్కుతాయి.

కొలరాడోలో డెన్వర్ నుంచి పడమటికి పోయే ఐ-70 రోడ్డు ఐసన్‌హోవర్ సొరంగం దగ్గర సముద్ర మట్టానికి 11 వేల అడుగులు దాటి ఎక్కుతుంది. సెలవులకి నలుగురు మిత్రులు సామాన్లతో సహా పాత కామ్రీలో ఆ దారి పట్టారంటే, ఓ/డి బొత్తానికి అసలైన పని అక్కడ. ఎక్కేటప్పుడు నొక్కితే బండి మూడో గేరులో నిలకడగా లాగుతుంది. దిగేటప్పుడు నొక్కితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిన వాసన రాదు. బరువైన ట్రెయిలర్‌ని వెనక తగిలించుకున్నప్పుడు ఓవర్‌డ్రైవ్ వాడవద్దని పాత పికప్ ట్రక్కుల పుస్తకాలు చెప్పేదీ ఇందుకే. హోండాల్లో ఈ బొత్తాం బదులు కర్రకే డి4, డి3 అని రెండు స్థానాలుండేవి, పని మాత్రం అదే. 1990ల కరోలాల్లో చవక రకానికైతే మూడు గేర్లే కాబట్టి ఆ బొత్తాం కోసం వెతకడం దండగ.

టయోటాల గురించి ఇంకో మాట. ఇంజన్ వేడెక్కేదాకా అవి నాలుగో గేరును కావాలనే ఆపుతాయి. మిషిగన్ చలిలో పొద్దున్నే కాలేజీకి బయల్దేరిన కుర్రాడు గేరుబాక్సు పోయిందని హడలిపోనక్కర్లేదు. నాలుగైదు మైళ్లయ్యాక అదే పడుతుంది. కానీ ఓ/డి ఆఫ్ దీపం నిలకడగా వెలగకుండా మిణుకు మిణుకుమంటుంటే అది వేరే సంగతి. గేరుబాక్సు విద్యుత్ వ్యవస్థలో ఎక్కడో తప్పు దొరికిందని బండి చెబుతోంది. ఆ కాలపు ఫోర్డ్‌లలో చాలావాటిదీ ఇదే భాష.

పాత ఆటోమేటిక్ మీద వచ్చే ఫిర్యాదులు రెండే రకాలు: గేరు ఆలస్యంగా పడుతోంది, లేదా అసలు పడటం లేదు. వినగానే ‘గేరుబాక్సు దింపాలి’ అనే మెకానిక్కులు అమెరికాలోనూ ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. తాడులాగుడు ఎవరి మధ్యో తెలిసినవాడు అంత తొందరపడడు. బండి మొదటి గేరులోనే అరుస్తూ పైకి వెళ్లనంటోందా? ముందు గవర్నర్ని చూడాలి. జనరల్ మోటార్స్ బాక్సుల్లో గవర్నర్ని తిప్పే పళ్ల చక్రం నైలాన్‌ది. అది అరిగిపోతే గవర్నర్ తిరగదు, బండి ఎంత వేగంగా పోతున్నా ఆగి ఉన్నట్టే లెక్క, ఇక గేరు ఎందుకు మారుతుంది? పక్కనున్న మూత తీస్తే ఆ భాగం బయటికొచ్చేస్తుంది. బాక్సు దింపనక్కర్లేదు. గేర్లు మరీ ఆలస్యంగా, దబ్బున పడుతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తోందా? మాడ్యులేటర్ డబ్బీలో రబ్బరు పొర చిరిగి ఉంటుంది. కాలి ఒత్తిడి ఎప్పుడూ పూర్తిగా తొక్కినట్టే ఉంటుంది, పైగా ఇంజన్ వ్యాక్యూమ్ గొట్టం గుండా గేరు ఆయిల్‌ని పీల్చి కాలుస్తుంది. ఎవరో ముచ్చటపడి పెద్ద టైర్లు వేశారా? అదే వేగానికి షాఫ్టు తక్కువ తిరుగుతుంది కాబట్టి ప్రతి గేరూ కాస్త ఆలస్యమవుతుంది. ఇందులో జబ్బేమీ లేదు.

ఇవన్నీ కనబడే, వినబడే లోపాలు. అసలు ప్రమాదకరమైనది వినబడదు. 700-ఆర్4లో ఆ కేబుల్ గేరు పడే వేగాన్ని మాత్రమే నిర్ణయించదు, క్లచ్‌లని ఎంత గట్టిగా బిగించాలో కూడా చెబుతుంది. కాలు గట్టిగా తొక్కితే ఇంజన్ బలం పెరుగుతుంది, ఆ బలాన్ని జారకుండా పట్టాలంటే క్లచ్ వెనక నూనె ఒత్తిడి కూడా పెరగాలి. పాత కార్బురేటర్ తీసేసి కొత్తది బిగించిన యజమాని కేబుల్‌ని ఏదో ఒక కొక్కేనికి తగిలించి వదిలేస్తాడు. కొక్కెం కోణం తేడా వల్ల కేబుల్ లాగాల్సినంత లాగదు. అప్పుడేమవుతుంది? గేర్లు త్వరత్వరగా, వెన్నలా పడతాయి. ఓనరు మురిసిపోతాడు. లోపల మూడు, నాలుగు గేర్లని పట్టే క్లచ్‌లు ప్రతిసారీ కొంచెం కొంచెం జారుతూ మాడుతుంటాయి. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగుకి తిరిగి కమురు వాసన వేసేదాకా ఆ సంతోషం సాగుతుంది. ఈ గేరుబాక్సుకి ‘త్వరగా పోతుంది’ అన్న చెడ్డ పేరు రావడంలో పెద్ద వాటా, తప్పుగా తగిలించిన కేబుల్‌దే. ఫోర్డ్ ఏఓడీ కథ ఇంకా చిన్న వస్తువుతో ముడిపడింది. దాని కడ్డీ చివర ప్లాస్టిక్ బుష్ ఒకటి ఉంటుంది. వేడికి అది పెళుసై విరిగిపోతే కడ్డీ ఊడి వేలాడుతుంది, ఒత్తిడి పడిపోతుంది, ఇంటికి చేరేలోపే క్లచ్‌లు కాలిపోయే అవకాశముంది. పాత ఏఓడీ బండి కొన్నవాడు ముందుగా బానెట్ ఎత్తి చూడవలసింది ఆ బుష్‌నే.

700-ఆర్4 కేబుల్ సరిచేయడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. ఇంజన్ ఆపి, కార్బురేటర్ దగ్గర కేబుల్ మీదున్న చిన్న మీటని నొక్కిపట్టి, దాని జారుడు ముక్కని క్యాబిన్ వైపుకి పూర్తిగా నెట్టి, మీట వదిలేయాలి. తర్వాత చేత్తో థ్రాటిల్‌ని ఒక్కసారి చివరిదాకా తెరవాలి. టకటకమంటూ ఆ ముక్క తనకు కావాల్సిన చోట నిలుస్తుంది. కార్బురేటర్ మారిస్తే మాత్రం దానికి సరిపోయే కోణంలో తయారుచేసిన బ్రాకెట్ కూడా కొనాలి, ఈ సర్దుబాటు ఆ తర్వాతే పనికొస్తుంది.

నాలుగో గేరు పడ్డాక కూడా ఇంజన్ చుట్లు ఇంకో రెండు మూడు వందలు తగ్గినట్టు కొందరికి అనిపిస్తుంది. ఐదో గేరు ఉందేమోనని అనుమానపడతారు. అది గేరు కాదు. టార్క్ కన్వర్టర్‌లో నూనె జారుడు వల్ల వృథా అయ్యే కొంత బలాన్ని ఆపడానికి, లోపలి క్లచ్ ఒకటి ఇంజన్నీ గేరుబాక్సునీ నేరుగా కలిపేస్తుంది. దాన్ని లాకప్ అంటారు. కుడి కాలు యాక్సిలరేటర్ మీద ఉండగానే ఎడమ కాలితో బ్రేకుని దీపం వెలిగేటంత మాత్రం తాకితే ఆ కలయిక విడిపోయి చుట్లు మళ్లీ పెరుగుతాయి. వదలగానే కాసేపటికి తగ్గుతాయి. లాకప్ పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఇది చాలు.

1993లో జనరల్ మోటార్స్ ఇదే బాక్సుకి కంప్యూటర్ తగిలించి 4ఎల్60-ఇ అని పేరు పెట్టింది. గవర్నర్ పోయింది, కేబుల్ పోయింది, నూనె దారులని విద్యుత్ సోలెనాయిడ్లు తెరిచి మూస్తాయి. గేరు ఏ వేగంలో పడాలో ఇప్పుడు కీబోర్డు మీద అంకెలు మార్చి చెప్పొచ్చు. అయినా 1970ల నాటి షెవర్లేకి ఓవర్‌డ్రైవ్ పెట్టించుకోవాలనుకునే అమెరికన్లు ఇప్పటికీ కేబుల్ బాక్సునే కోరుకోవడం కద్దు, వైర్ల గొడవ తక్కువని. అలాంటివాళ్లు కొలతలు ముందే చూసుకోవాలి. 700-ఆర్4 పాత మూడు గేర్ల బాక్సు కంటే మూడంగుళాల దాకా పొడుగు, కాబట్టి కింద ఆసరా పట్టీ జరపాలి, షాఫ్టు కత్తిరించాలి. యాక్సిల్ నిష్పత్తి అంతకంటే ముఖ్యం. ఆ కాలపు కార్లలో చాలావాటికి 3.08 లాంటి పొదుపు యాక్సిల్ అప్పటికే ఉంది. దానికి 0.70 గేరు తోడైతే గంటకు 60 మైళ్ల దగ్గర ఇంజన్ 1,550 చుట్లకి పడిపోయి మూలుగుతుంది, చిన్న ఎత్తు ఎదురైనా మూడోదానికి దిగుతుంది. వేల డాలర్లు పోసి నాలుగో గేరు పెట్టించుకున్న యజమాని, రోడ్డు చదునుగా వచ్చి వేగం 65 దాటేదాకా కర్రని మూడులోనే ఉంచి నడపాల్సి వస్తుంది, లేదంటే యాక్సిల్ కూడా మార్చుకోవాలి.